‘గోలీ వేసుకున్నావా?’ అన్న ప్రశ్నను పక్కన పెట్టండి

ప్రశ్న: నేను మస్కట్‌లో ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్న. మాది జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. నా భార్యకు 24 ఏళ్లు, మొదటి కాన్పు, ఇప్పుడు 22 వారాలు. మూడో నెలలో రక్తం 10.2 ఉండె, మొన్న చూపిస్తే 9.1 వచ్చింది. ఐరన్ గోలీలు ఇచ్చారు. రోజూ ఫోన్‌లో అడుగుత, వేసుకున్న అంటది. మా అమ్మ చూస్తే బియ్యం డబ్బా వెనక నాలుగు షీట్లు విప్పకుండ ఉన్నాయట. గుడ్డు తినమంటే సరే అంటది, తినదు. బీడీలు చుట్టుడు బంద్ చెయ్యమంటే చెయ్యదు. పదో తరగతి చదివింది, అయినా అర్థం చేసుకోదు. ఆమెకు తెలిసేటట్టు ఎట్లా చెప్పాలె?

సమాధానం: మీ ఆవిడకు తెలియక కాదు. గోలీలు అక్కర్లేదని అనుకున్న మనిషి వాటిని పెంటకుప్పలో పారేస్తుంది, బియ్యం డబ్బా వెనక దాచదు. వేసుకోవాలని తెలుసు, వేసుకోలేకపోతోంది, ఆ మాట ఎవరితోనూ అనలేకపోతోంది. దాచిన షీట్లు చెప్పేది ఇదే. ఆమె ఒక్కతే కూడా కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, గర్భంతో ఉన్నప్పుడు 180 రోజులు ఐరన్ గోలీలు వేసుకున్నామని చెప్పినవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 26 మందే. గోలీలు ఉచితం. వేసుకోమని ఆశ కార్యకర్త చెబుతుంది, ఏఎన్ఎమ్ చెబుతుంది, గోడ మీద పోస్టర్ చెబుతుంది. అయినా మిగతా 74 మంది ఆగిపోయారంటే అడ్డం పడుతున్నది తెలివితక్కువతనం కాదు. కడుపులో తిప్పడం, రోజు కూలీ, వంటింట్లో వడ్డన వరస, చేతిలో పైసలు లేకపోవడం. ఇవి ‘చెప్తే’ పోయేవి కావు. వీటిలో రెండు మూడు మాత్రం మస్కట్‌లో కూర్చుని కూడా మీరు మార్చగలరు.

ముందు ఆ అంకె సంగతి. 10.2 నుంచి 9.1కి పడిన తప్పంతా ఆమెదే అనుకోకండి. నాలుగు, ఐదు నెలల్లో ఒంట్లో రక్తంలోని నీటి భాగం ఎర్ర కణాల కన్నా వేగంగా పెరుగుతుంది. చారులో నీళ్లు పోసినట్టు, హిమోగ్లోబిన్ అంకె దానంతట అదే కొంత దిగుతుంది. అలాగని వదిలేసే అంకె కూడా కాదు. మన దగ్గర గర్భిణికి 11 గ్రాములు ఉండాలని లెక్క. 10 నుంచి 10.9 దాకా స్వల్ప రక్తహీనత, 7 నుంచి 9.9 దాకా మధ్యస్థం, 7 కన్నా కిందికి దిగితే ఆసుపత్రిలో చూడాల్సిన తీవ్ర స్థితి. మామూలుగా నాలుగో నెల నుంచి రోజుకు ఒక ఎర్ర గోలీ ఇస్తారు. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. 9.1 ఉన్నవాళ్లకు ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం రోజుకు రెండు, మళ్లీ 11 దాటేదాకా. మీ ఆవిడ తల్లీబిడ్డల కార్డు మీద ఒకటి అని రాశారో రెండు అని రాశారో ఆమెనే చదివి చెప్పమనండి. నెలకోసారి పరీక్ష చేయించాలి. గోలీలు సరిగా పడితే నెలకు కనీసం ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే డాక్టర్ కారణం వెతుకుతారు, పుట్టుకతో వచ్చే తలసీమియా లాంటి రక్త జబ్బులు ఉన్నాయేమో చూస్తారు, అవసరమైతే ఐరన్‌ను సెలైన్‌లో ఎక్కిస్తారు.

ఇక్కడే అబద్ధం ఖరీదు తెలుస్తుంది. వేసుకోని మనిషి తిట్లకు భయపడి దవాఖానలో కూడా ‘వేసుకున్నా’ అంటే, మందు పనిచేయలేదనుకుని డాక్టర్ వేరే దారి పడతారు. ఆమె మీతో నిజం చెప్పగలిగితేనే డాక్టర్‌తోనూ చెబుతుంది. ‘వేసుకున్నావా?’ అన్న మీ ప్రశ్నకు గొడవ లేకుండా పోయే జవాబు ఒక్కటే ఉంది. ఆమె రోజూ అదే ఇస్తోంది. దాని బదులు ‘ఆ గోలీ వేసుకుంటే ఏమైతుంది నీకు?’ అని ఒక్కసారి అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకుండా ఉండండి.

ఆమె చెప్పే జవాబు చాలావరకు ఊహించవచ్చు. పరగడుపున వేసుకుంటే తిప్పుతుంది, నోట్లో ఇనుప రుచి, తర్వాత మలబద్ధకం. మొదటిసారి విరేచనం నల్లగా వచ్చేసరికి లోపల ఏదో అయిందని చాలామంది భయపడి అక్కడితో ఆపేస్తారు. ఒంటికి పట్టని ఐరన్ బయటికి పోతే రంగు అలాగే ఉంటుంది, ఏ ప్రమాదమూ లేదు. ఈ ఒక్క మాట గోలీ ఇచ్చినప్పుడే చెబితే ఎన్ని షీట్లు మిగిలేవో!

మలబద్ధకం మాత్రం నిజమైన బాధ. బీడీలు చుట్టేవాళ్లకు అది రెట్టింపు. ఎందుకంటే పొద్దున్నుంచి ఒడిలో చాట పెట్టుకుని మోకాళ్లు ముడిచి కూర్చునే పని అది. వెయ్యి బీడీల లెక్కన కూలీ. నీళ్లు తాగితే లేవాలి, గర్భంతో ఉంటే గంట గంటకూ లేవాలి, లేచిన ప్రతిసారీ లెక్క తగ్గుతుంది. అందుకని నీళ్లు తాగడమే మానేస్తారు. నీళ్లు తగ్గితే మలం గట్టిపడుతుంది, మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ వస్తాయి. పైన ఐరన్ గోలీ పడితే ఇంకా బిగుస్తుంది. చివరికి ఆమె చేతిలో ఉన్న ఒకే ఒక్క ఉపాయం గోలీ మానేయడం. బయటి నుంచి చూస్తే ‘మాట వినదు’. ఆమె చోట కూర్చుని చూస్తే అదే లెక్క.

కాబట్టి మార్చాల్సింది గోలీ వేళ, నీళ్ల ఏర్పాటు. రెండు గోలీలు రాసి ఉంటే రెండూ ఒకేసారి వద్దు. ఒకటి మధ్యాహ్నం, ఒకటి రాత్రి పడుకునే ముందు. ఖాళీ కడుపున ఐరన్ బాగా పడుతుందన్నది నిజమే. కానీ తిప్పి మానేసే గోలీ కన్నా అన్నం తిన్నాక వేసుకుని కొంచెం తక్కువ పట్టే గోలీ నయం. రాత్రి వేసుకుంటే తిప్పడం నిద్రలో గడిచిపోతుంది. గోలీతో పాటు నిమ్మకాయ పిండిన నీళ్లు గానీ, తర్వాత ఒక జామకాయ గానీ ఉంటే ఐరన్ బాగా అందుతుంది. టీ మాత్రం ముందూ వెనకా గంటసేపు వద్దు, టీలోని టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుంటాయి. కాల్షియం గోలీలు కూడా ఇచ్చి ఉంటారు, 500 మిల్లీగ్రాములవి రోజుకు రెండు. అవి ఐరన్‌తో కలిపి మింగితే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, రెండు గంటల తేడా ఉండాలి. ఎన్నో ఇళ్లలో జరిగేది ఏమిటంటే గోలీలన్నీ ఒకే కవర్లో ఉంటాయి, గుర్తొచ్చినప్పుడు అన్నీ కలిపి గుప్పిట్లో పోసుకుని మింగుతారు. లెక్కకు మింగినట్టే, ఒంటికి పట్టేది సగం.

మీ ఊరి రోజుకు సరిపడేలా ఇలా అనుకోవచ్చు. పొద్దున ఆరున్నరకు టీ. తొమ్మిదింటికి అన్నంతో కాల్షియం. మధ్యాహ్నం అంగన్‌వాడీ భోజనం తర్వాత ఐరన్. నాలుగింటికి టీ. ఏడున్నరకు రాత్రి భోజనంతో రెండో కాల్షియం. పదింటికి పడుకునే ముందు రెండో ఐరన్. నీళ్లకు ఒక లీటరు సీసా చాట పక్కనే పెట్టుకోవాలి. మధ్యాహ్నానికి ఒకటి, రాత్రికి ఒకటి ఖాళీ కావాలి, అన్నంతో తాగేది వేరే. జొన్నరొట్టె, ఆకుకూర, జామ రోజూ ఉంటే నాలుగైదు రోజుల్లో తేడా కనబడుతుంది. అప్పటికీ కష్టమైతే ఇసబ్‌గోల్ లాంటిది ఇవ్వమని ఏఎన్ఎమ్‌ను అడగాలి. అడిగి తీసుకోవాలి, సొంతంగా విరేచనాల మందు వద్దు. నులిపురుగుల గోలీ, అంటే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్, మూడో నెల దాటాక ఒకసారి వేస్తారు. అది పడిందో లేదో కార్డులో చూడండి. కడుపులో పురుగులుంటే ఎన్ని గోలీలు పోసినా కిందికే పోతుంది.

ఇక బీడీలు. ‘ఆపేయ్’ అనడం మీకు తేలిక. నెలకు దాని మీద ఎంత వస్తుంది, ఆ పైసలు ఎవరి చేతికి పోతున్నాయి, దేనికి ఖర్చవుతున్నాయి అని ఎప్పుడైనా అడిగారా? మీరు పంపే డబ్బు మీ అమ్మగారి ఖాతాలో పడుతుంటే, ఆ ఇంట్లో మీ ఆవిడ సొంతమని చెప్పుకోగలిగింది బీడీ కూలీ ఒక్కటే కావచ్చు. పీఎఫ్ ఉంటే, పని ఆపితే అది పోతుందేమోనన్న దిగులు కూడా ఉంటుంది. ఆ సంగతి కంపెనీ మేస్త్రీని నేరుగా అడిగి తేల్చుకోవాలి. మీరు చేయగలిగింది, ఆమె నెలంతా సంపాదించే మొత్తాన్ని కాన్పు దాకా ఆమె ఖాతాకే విడిగా పంపడం. అలా చేసి పని తగ్గించమంటే అది సలహా. పైసలు లేకుండా తగ్గించమంటే అది ఒట్టి మందలింపు.

తగ్గించాల్సిన అవసరం మాత్రం ఉంది. బీడీ తాగకపోయినా తంబాకు దుమ్ము ముక్కులోకి పోతుంది, నికోటిన్ చేతి చర్మం గుండా కూడా లోపలికి దిగుతుంది, మాయ దాటి బిడ్డను చేరుతుంది. బిడ్డ బరువు తగ్గే ప్రమాదం ఉంది. ఇంత చుడితే ఫరవాలేదు అని చెప్పగల హద్దు ఏదీ లేదు. పూర్తిగా మానేయడమే మంచిది. కుదరని రోజుల్లో తంబాకు జల్లించే పని, కలిపే పని వేరేవాళ్లకు ఇవ్వాలి, దుమ్మంతా లేచేది అప్పుడే. ఆకు కత్తిరించడం వరకు ఆమె చేయవచ్చు. కూర్చునేది వంటింట్లో, పడక గదిలో కాదు, గాలి ఆడే అరుగు మీద. తంబాకు సంచి పడుకునే గదిలో ఉండకూడదు. పని అయ్యాక చీపురుతో ఊడిస్తే దుమ్ము మళ్లీ లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి. గోలీ ముట్టుకునే ముందు, అన్నం ముందు మణికట్టు దాకా సబ్బుతో కడగాలి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి, లేకపోతే కాళ్లు వాస్తాయి. ఆమెకు గుడ్డు వాసన పడకపోవడానికి కూడా పొద్దస్తమానం ముక్కులో ఉండే ఆ తంబాకు ఘాటే కారణం కావచ్చు.

గుడ్డు గురించి ఇంకో కారణం ఉంది, అది మీకు నచ్చకపోవచ్చు. ఇంట్లో కోడలు ఎప్పుడు తింటుంది? అందరూ తిన్నాక. అప్పటికి గిన్నెలో పులుసు మిగులుతుంది, ముక్కలు మిగలవు. మామగారికి, మరిదికి పెట్టకుండా తను ఒక్కతే గుడ్డు ఉడకబెట్టుకుని తినే ధైర్యం కొత్త కోడలికి ఉండదు. మీరు మస్కట్ నుంచి ‘తిను’ అంటే ఆమె ‘సరే’ అనక ఏమంటుంది? ఇలాంటి ఇళ్ల సంగతి తెలిసినవాళ్లే అంగన్‌వాడీ భోజనం రూపం ఆలోచించారనిపిస్తుంది. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు అన్నం, పప్పు, ఆకుకూర, రోజూ ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే కూర్చోబెట్టి పెడతారు. ఇంటికి పంపితే పదిమందికీ పంచుకుపోతుంది కాబట్టే అక్కడ తినమంటారు. ఐరన్ గోలీ కూడా అక్కడే మింగిస్తారు. పాలతో పాటు ఐరన్ కొంచెం తక్కువ పడుతుంది, నిజమే. అయినా పదిమంది గర్భిణుల మధ్య కూర్చుని మింగే గోలీ బియ్యం డబ్బా వెనక్కి పోదు. పోయి వచ్చేందుకు గంట పడుతుంది, ఆ గంటకు ఇంట్లో అనుమతి కావాలి. ‘మధ్యాహ్నం అంగన్‌వాడీకి పోనీ అమ్మా’ అని మీరు మీ అమ్మగారితో అనాల్సిన మాట అదీ.

ఇంటి దగ్గర అదనంగా కావాల్సింది కొండంత కాదు. నాలుగో నెల నుంచి రోజుకు సుమారు 350 క్యాలరీలు ఎక్కువ. ఒక జొన్నరొట్టె, ఒక గిన్నె పప్పు, ఒక గుడ్డు కలిస్తే దాదాపు వచ్చేస్తుంది. ‘ఇద్దరికి సరిపడా తిను’ అనేవాళ్ల మాట కూడా తప్పే. బరువు నెలకు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు పెరుగుతుంటే తిండి సరిపోతున్నట్టు. ఆ అంకె కూడా కార్డులోనే ఉంటుంది.

మీ అమ్మగారిని కాపలా పెట్టకండి. షీట్లు బయటపెట్టింది ఆవిడే కాబట్టి ఇప్పటికే ఇద్దరి మధ్య ముల్లు పడి ఉంటుంది. ఆవిడ మనసులో కూడా ఒక లెక్క ఉండవచ్చు. గోలీలు వేడి చేస్తాయి, బిడ్డ లావైతే ఆపరేషన్ అవుతుంది, మేం ఏ గోలీలు మింగి కన్నాం? ఇది మూర్ఖత్వం అని కొట్టేయకండి, ఆపరేషన్ అంటే భయం లేని ఇల్లు ఈ రోజుల్లో ఏది? ఐరన్‌తో బిడ్డ లావెక్కదు, తల్లికి రక్తం చేరుతుంది. కాన్పులో రక్తం పోయినప్పుడు 11 ఉన్న మనిషి తట్టుకున్నట్టు 8 ఉన్న మనిషి తట్టుకోలేదు. ఈ మాట మీరు ఫోన్‌లో చెబితే ‘పెళ్లాం మాట పట్టుకుని వచ్చిండు’ అవుతుంది. ఏఎన్ఎమ్ చెబితే అవ్వదు. బుధవారం, శనివారం ఊళ్లో టీకాలు వేసే రోజులు. ఆ రోజుల్లో అత్తాకోడళ్లిద్దరినీ కలిపి పంపండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ దవాఖానల్లో గర్భిణులకు డాక్టరు పరీక్ష ఉంటుంది, దానికీ అంతే. బొప్పాయి మీద మాత్రం ఎవరితోనూ యుద్ధం పెట్టుకోకండి. పచ్చికాయ ఎలాగూ వద్దు, పండు తినకపోతే జామ, ఉసిరి ఉన్నాయి. ఒక్క బొప్పాయి దగ్గర అమ్మగారి మాట నెగ్గనిస్తే గోలీ దగ్గర మీ మాట వింటారు.

ఇంకో గండం ముందుంది. మొదటి కాన్పు కాబట్టి ఏడో నెలలోనో తొమ్మిదిలోనో పుట్టింటికి పోతుంది. గోలీల వరస తెగిపోయేది చాలాసార్లు అక్కడే. ఇక్కడి ఆశ ‘వెళ్లిపోయింది’ అనుకుంటుంది, అక్కడి ఆశకు ఆమె పేరే తెలియదు. బయల్దేరే వారం ముందే ఇక్కడి ఏఎన్ఎమ్‌కు చెప్పి రెండు నెలల గోలీలు, తల్లీబిడ్డల కార్డు, పాత పరీక్షల కాగితాలు ఒకే సంచిలో పెట్టాలి. పుట్టింటి ఊళ్లో దిగిన రెండు రోజుల్లో అంగన్‌వాడీలో పేరు రాయించాలి. కాన్పు తర్వాత కూడా 180 రోజులు ఐరన్ ఉంటుందన్నది చాలామందికి గుర్తుండదు.

కూర్చున్నచోటే ఆయాసం, గుండెదడ, ముఖం చేతులు వాయడం, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, రక్తం లేదా ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా మీ ఫోన్ కోసం ఆగకుండా 108కి చేయాలని ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి.

చివరగా మీ ఫోన్ టైము. మస్కట్ మన కన్నా గంటన్నర వెనక. డ్యూటీ దిగి, వండుకుని, మీరు పదింటికి ఫోన్ చేస్తే ఇక్కడ పదకొండున్నర. పొద్దున ఐదింటికి లేవాల్సిన ఆమె మీ కోసం మేలుకుని ఉంటుంది, ఆ కాస్త నిద్రా పోతోంది. ఎనిమిదిన్నరకే చేయండి, అప్పుడు ఇక్కడ సరిగ్గా పది. రాత్రి గోలీ వేళ కూడా అదే. గోలీ ఊసెత్తకండి. మంచం దగ్గర నీళ్ల సీసా పెట్టుకుందో లేదో మాత్రం అడగండి, తర్వాత ఆమె చెప్పేది వినండి.